లోహాల వర్గీకరణ: బరువు నుంచి ఎలక్ట్రాన్ వరకు

బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం, పాదరసం అనే ఏడింటినే లోహాలుగా ఎరిగిన ప్రాచీనులు మెరుపు, బరువు, సుత్తిదెబ్బకు సాగే గుణం చూసి లోహాన్ని గుర్తించారు. 1789లో లావోయిజర్ రూపొందించిన మూలకాల జాబితాలో 17 లోహాలు చోటుచేసుకున్నా, బరువే లోహానికి లక్షణమన్న నమ్మకం మాత్రం సడలలేదు.

దానిని సడలించినది 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ చేసిన ప్రయోగం. కరిగించిన పొటాష్ క్షారంలోకి విద్యుత్తును పంపగా పాదరసంలా మెరిసే చిన్నచిన్న బిందువులు వెలువడ్డాయి. నీటిలో వేస్తే అవి మునగకపోగా ఊదారంగు మంటతో మండాయి. ఇలా దొరికిన, నీటికన్నా తేలికైన పొటాషియాన్ని లోహమనడానికి కొందరు సందేహించారు. అయితే మెరుపు, విద్యుద్వాహకత, రసాయన ప్రవర్తన లోహానివే అయినప్పుడు బరువు ఒక్కటే అడ్డు కారాదని డేవీ వాదించాడు. ఆధునిక వర్గీకరణకు అసలు పునాది ఈ వాదనలోనే ఉందనుకోవచ్చు.

లిథియం, సోడియం, పొటాషియంలను 1829లో ఒక త్రికంగా, అంటే పోలిక గల మూడు మూలకాల సమూహంగా, డోబరైనర్ చూపాడు. 1869లో మెండలీవ్ మూలకాలను పరమాణు భారాల వరుసలో అమర్చి, సమాన గుణాలున్నవాటిని ఒకే వర్గంలో చేర్చడమే కాక, ఇంకా దొరకని మూలకాలకు ఖాళీలు విడిచిపెట్టాడు. అల్యూమినియం తరువాతి ఖాళీలోని లోహం సులభంగా కరుగుతుందని, దాని సాంద్రత సుమారు 5.9 ఉంటుందని అతడు ఊహించాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బోయిబోద్రాన్ గాలియాన్ని కనుగొని సాంద్రత 4.7 అని ప్రకటించగా, నమూనా శుద్ధమైనది కాదని మెండలీవ్ రష్యా నుంచి లేఖ రాశాడు. శుద్ధిచేసి తిరిగి కొలిస్తే 5.9 అనే తేలింది. అరచేతి వేడికే కరిగే ఈ లోహాన్ని చేతపట్టినవాడి కొలతకన్నా, కంటితోనైనా చూడనివాడి లెక్కే సరిపోయింది!

1913లో మోజ్లీ ఎక్స్‌కిరణాల ద్వారా మూలకాల క్రమాన్ని పరమాణు సంఖ్యతో, అంటే కేంద్రకంలోని ధనావేశంతో, ముడిపెట్టిన తరువాత పట్టిక వరుసకు భౌతికమైన ఆధారం దొరికింది. వెలుపలి ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకోవడమే లోహగుణానికి మూలమని, స్వేచ్ఛగా తిరిగే ఆ ఎలక్ట్రాన్లే విద్యుత్తును మోస్తాయని క్రమంగా స్పష్టమైంది. పట్టికలో ఎడమ నుంచి కుడికి సాగేకొద్దీ ఆ గుణం సన్నగిల్లుతుంది, గ్రూపులో కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. నడుమనున్న పరివర్తన లోహాలు మాత్రం ఈ సూత్రానికి అంత తేలికగా లొంగవు. ఆరో పీరియడ్‌లోనే 3,400 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగని టంగ్‌స్టన్, గది వేడిమిలోనే ద్రవంగా ఉండే పాదరసం రెండూ ఉన్నాయి.

అప్పటివరకు టంగ్‌స్టన్ కిందనే ఉంచిన యురేనియాన్ని 1944 ప్రాంతంలో గ్లెన్ సీబోర్గ్ అక్కడినుంచి తప్పించి, లాంథనైడ్లను, అంటే లాంథనంతో మొదలయ్యే లోహాల వరుసను, పోలిన ఆక్టినైడ్ల వరుసలో చేర్చాలని ప్రతిపాదించాడు. ఆ అమరికను నమ్మి వెదకడం వల్లనే అమెరీషియం, క్యూరియం పట్టుబడ్డాయి.