మరాబా కాఫీ రైతుల సంఘము

కాఫీపండు చెట్టునుండి కోసినది మొదలు మారుటకు ప్రారంభించును. పండుతోలునకును గింజకును నడుమ జిగటపొర యొకటి కలదు. అందు చక్కెరలును, పెక్టిన్ అను పదార్థమును ఉండును. సూక్ష్మజీవులు ఈ పొరను పట్టి పులియజేయును. ఆ పులియుటను అదుపులో నుంచి సకాలమున ఆపినచో గింజ శుభ్రపడి రుచి నిలుచును. అదుపు తప్పినచో పులిసిన వాసన గింజకు పట్టును. కావున కోసిన కొద్ది గంటలలోనే తోలు తీయవలెను. ఆఫ్రికాలోని రువాండా దేశమున ఒక రైతు సంఘపు చరిత్ర ఈ చిన్న విషయము చుట్టునే నడచినది.

రువాండాకు కాఫీ 1904లో జర్మన్ మిషనరీలవలన వచ్చినది. పిమ్మట బెల్జియం పాలకులు రైతులను నిర్బంధించి ఈ మొక్కలను నాటించిరి. ఒక్కొక్క రైతుకు ఉన్నవి కొన్ని వందల చెట్లే. వారు పండ్లను ఇంటివద్దనే నలిపి, దొరికిన నీటితో కడిగి, ఎండబెట్టి అమ్ముచుండిరి. ఒక్కొక్క ఇంటి గింజ ఒక్కొక్క తీరుగా ఉండెడిది. వర్తకుడు అన్నిటిని కలిపివేయుటచే శ్రద్ధగా చేసినవానికి అదనముగా ఏమియు ముట్టెడిది కాదు.

1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందమందలి ఎగుమతి వాటాల ఏర్పాటు కుప్పకూలగా ప్రపంచమంతట ధరలు పడిపోయెను. 1990లో అంతర్యుద్ధము, 1994లో జాతిసంహారము సంభవించెను. నూరు దినములలో లక్షలాది జనులు, ముఖ్యముగా టుట్సీలు, హతులైరి. పెక్కు తోటలు ఆలనలేక పాడుపడెను.

ఇట్టి దశలో 1999లో దక్షిణ రువాండాలోని మరాబా ప్రాంతమున 220 మంది రైతులు ఒక సంఘముగా ఏర్పడిరి. జాతిసంహారములో భర్తలను, తలిదండ్రులను పోగొట్టుకొన్నవారు అందు అనేకులు. సంఘమునకు ‘అబహుజముగాంబి’ యని పేరు పెట్టుకొనిరి. ఒక లక్ష్యమునకై కలిసి పనిచేయువారని దాని భావము.

సంఘము ఏర్పడినంతమాత్రమున గింజ బాగుపడదు. 2001లో రువాండా జాతీయ విశ్వవిద్యాలయము, అమెరికాలోని రెండు విశ్వవిద్యాలయములు కలిసి నడపిన పథకము సహాయమున అచ్చట కాఫీ కడుగు కేంద్రము నెలకొల్పబడినది. పండ్లను మొదట నీటిలో వేయుదురు. పండినవి మునుగును, తాలుపండ్లు, పురుగు తొలిచినవి తేలును. మునిగినవాటి తోలును యంత్రముతో తీసి, గింజలను తొట్లలో పులియనిచ్చి, కాలువనీటిలో కడిగి, ఎత్తైన బల్లలపై ఎండబెట్టుచు చేతితో ఏరుదురు. ఎకరము భూమిలేని రైతు ఇట్టి కేంద్రమును ఒంటరిగా కట్టలేడు. పదిమంది పండ్లు రానిదే కేంద్రమునకు పనియుండదు.

రుచి చూచుటయు ఒక విద్యయే. శిక్షణ పొందినవారు కషాయమును చవిచూచి నూటికి మార్కులు వేయుదురు. 80కి తగ్గని కాఫీని వర్తకులు ప్రత్యేక శ్రేణికి చేర్చుదురు. మరాబా కాఫీ ఆ శ్రేణిని అందుకొని, 2002లో అమెరికా కొనుగోలుదారులను, 2003లో బ్రిటన్ దుకాణములను చేరినది. 2008లో ‘కప్ ఆఫ్ ఎక్సలెన్స్’ అను నాణ్యతా పోటీ ఆఫ్రికాఖండమున మొదటిసారిగా రువాండాలోనే జరిగినది.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. ఈ ప్రాంతపు కాఫీలో అప్పుడప్పుడు పచ్చి బంగాళాదుంప వాసన వచ్చును. పైరజీన్లను రసాయనములు దీనికి కారణము. పండురసమును పీల్చు అంటెస్టియా పురుగు గాట్లతో ఈ దోషమునకు సంబంధము కలదు. వేపి, పొడిచేయువరకు వాసన సాధారణముగా బయటపడదు. అట్టి గింజ ఒక్కటి చాలు, కప్పు కాఫీయంతయు పాడగుటకు. చెట్లను కత్తిరించి గాలి తగులనిచ్చుట, పురుగును అణచుట, తేలిన పండ్లను పారవేయుట, గింజలను ఏరుట – ఇవియే నివారణోపాయములు.

ఈ పనులు ఒక తోటలో జరిగి, పక్కతోటలో జరుగకున్న ఫలము లేదు. అందరి పండ్లును ఒకే తొట్టిలో పడును. ఒకరి అశ్రద్ధ అందరి ధరను తగ్గించును. జాతిసంహారము జరిగిన అయిదేండ్లకే ఇరుగుపొరుగువారు తమ పంటను, తమ పేరును ఇట్లు ఒకరిచేతిలో ఒకరు పెట్టుటకు సిద్ధపడిరి. మరాబా సంఘము సాధించినవానిలో ఇదియే కష్టతరమైనది.