వైరస్‌ను చంపిన రక్తంలో పొటాషియం లెక్క: ట్రైటాన్ ఎక్స్-100 పై ఒక పరిశీలన

2014-16లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఎబోలా 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరూ లవణాలూ పోయే జబ్బు అది. రోగికి పొటాషియం ఎంత ఎక్కించాలో తేలాలంటే రక్తపరీక్ష తప్పదు. ఆ రక్తమేమో ల్యాబ్ సిబ్బంది ప్రాణానికే ముప్పు. అందుకని శాంపిల్‌లోని వైరస్‌ను ముందుగా చంపి, ఆ తర్వాతే యంత్రానికి ఎక్కించే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

వాటిలో ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ ఒకటి. ఎబోలా వైరస్ చుట్టూ ఉన్న కొవ్వు పొరను ఇది కరిగిస్తుంది. ప్లాస్మా నుంచి తీసే మందుల శుద్ధికి 1980ల నుంచీ ఈ గుణం ఒక ఆధారం. అయితే కొవ్వు పొర ఎర్రరక్తకణానికీ ఉంది. చిక్కంతా అక్కడే. ప్లాస్మాలో కంటే ఎర్రకణంలో పొటాషియం ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. ఎల్‌డీహెచ్ ఎంజైమ్ అంతకన్నా ఎక్కువ. మొత్తం రక్తంలో ట్రైటాన్ కలిపితే కణాలు పగిలి అదంతా బయటికొస్తుంది. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పబోతున్న మనిషికి పొటాషియం ఎక్కువుందని రిపోర్టు వస్తే, అందాల్సిన మందు ఆగిపోతుంది. ఇక రక్తకణాల లెక్క అంటారా, లెక్కపెట్టడానికి కణాలే మిగలవు.

ముందు ప్లాస్మాను వేరుచేసి ఆ తర్వాత ట్రైటాన్ కలిపితే సోడియం, పొటాషియం, యూరియా, క్రియాటినిన్ ఫలితాలు చాలావరకు నిలుస్తాయి. కాకపోతే బతికున్న వైరస్‌తోనే సెంట్రిఫ్యూజ్ తిప్పాలి. మూత గట్టిగా బిగిసే రోటర్ లేకుండా ఆ పని చేయకూడదు. కలిపే ద్రావణం గాఢత కూడా చూసుకోవాలి. 1 మి.లీ. ప్లాస్మాకు 10 శాతం ట్రైటాన్ 10 మైక్రోలీటర్లు కలిపితే ట్రైటాన్ గాఢత సుమారు 0.1 శాతానికి చేరుతుంది, ప్లాస్మా పలచబడేది ఒక శాతమే. అదే 0.1 శాతాన్ని 1 శాతం ద్రావణంతో తేవాలంటే తొమ్మిది పాళ్ల ప్లాస్మాకు ఒక పాలు పోయాలి. అప్పుడు 140 ఉన్న సోడియం 126గా కనిపిస్తుంది. లేని జబ్బు కాగితం మీద పుట్టుకొస్తుంది.

0.1 శాతం ట్రైటాన్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నా దృష్టిలో సాహసం. సీరంలోని ప్రోటీన్లు దాని పదును తగ్గిస్తాయి. అందుకే 60 డిగ్రీల వద్ద గంటసేపు వేడిచేయడం కూడా జోడిస్తారు. ఆ వేడికి లవణాలు చెక్కుచెదరవు గాని, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటిన్ కైనేజ్ వంటి ఎంజైములు దెబ్బతింటాయి. క్రియాటిన్ కైనేజ్ అలా తగ్గిపోతే, కండరం దెబ్బతిన్న రోగి రిపోర్టు కూడా మామూలుగానే కనబడవచ్చు. పీసీఆర్ కోసం వాడే గ్వానిడిన్ ద్రావణమైతే ప్రోటీన్లన్నిటినీ చెడగొడుతుంది. ఆ గొట్టం జీవరసాయన పరీక్షలకు పనికిరాదు.

ఏ రసాయనం, ఎంత గాఢతలో, ప్లాస్మా తీయకముందా తీశాకా కలిపారో రిపోర్టు మీదే రాయాలని ల్యాబ్ నిర్వాహకులకు నా విన్నపం.