మల్లన లెక్క తప్పలేదు

మొన్నామధ్య ఓ రాత్రి ఆఫీసులో మా ప్రోగ్రాం, ఇంకా మిగిలిన ఫైళ్ళు 18446744073709551615 అని చూపించింది. తప్పు నాదే. సున్నాలోంచి ఒకటి తీసేశాను. రుణసంఖ్యలకి చోటులేని 64 బిట్లలో సున్నా నుంచి వెనక్కి వెళ్తే, స్కూటర్ మీటరు వెనక్కి తిప్పితే 99999 వచ్చినట్టు, అన్నిటికంటే పెద్ద సంఖ్య వచ్చి కూర్చుంటుంది. సరిచేసి బోరబండలో రూముకి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ అంకెలు మాత్రం బుర్రని వదల్లేదు. వీటిని ఎక్కడో చూశానే!

చూసింది పావులూరి మల్లన పద్యంలో. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఎంత లేదన్నా తొమ్మిది వందల ఏళ్ళ కిందటి సంగతి. చదరంగం బల్ల మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో దాంట్లో 4, ఇలా 64 గళ్ళూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? జవాబు ఆయన ఒక్క పద్యంలో చెప్పేశాడు. అంకెలుండవు, మాటలుంటాయి. చంద్రుడంటే 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి. మర్నాడు బోరబండ స్టేషన్లో ఎమ్మెమ్టీఎస్ కోసం నిలబడి, కాగితం మీద రాసి సరిచూశాను. ఇరవై అంకెలూ సరిపోయాయి.

ఇది చెప్పగానే ఆఫీసులో ఒకాయన "చూశావా, మనవాళ్ళకి కంప్యూటర్ ఎప్పుడో తెలుసు" అన్నాడు. అదీ నాకు నచ్చదు. మల్లనకి 64 అంటే గళ్ళు, మనకి బిట్లు. రెండుచోట్లా జరిగేది రెట్టింపే కనక ఒకే సంఖ్య వచ్చింది. ఇదే జవాబుని దాదాపు 1000లో అల్ బిరూనీ కూడా లెక్కగట్టాడు. అంతమాత్రాన మల్లన గొప్ప తగ్గదు.

ఈ సంఖ్య సంగతులు ఇంకా ఉన్నాయి. చూడ్డానికి ప్రధానసంఖ్యలా గంభీరంగా ఉంటుంది గానీ, కాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధానసంఖ్యల లబ్ధం. ఏదీ రెండోసారి రాదు కాబట్టి భాజకాలు సరిగ్గా 128. ఇందులో 641, 6700417 లకి ఓ కథ ఉంది. వాటి లబ్ధం 4294967297, అంటే 2ని 32 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే వచ్చేది. అది ప్రధానసంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపించాడు. అంత గొప్పవాడి పొరపాటు కూడా మన చదరంగం సంఖ్య కడుపులోనే ఉందన్నమాట.

ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో నాకు మల్లన పేరు ఎవరూ చెప్పలేదు. అంతకుముందు తెలుగు క్లాసులో ఆయన ఒక మార్కు ప్రశ్న. లెక్కల వాళ్ళు కవి అని వదిలేశారు, తెలుగు వాళ్ళు లెక్కలని వదిలేశారు. తెలుగులో గణితం చెప్పడం కుదరదనే వాళ్ళకి నేనిప్పుడు ఈ పద్యమే చూపిస్తున్నాను.

నమ్మకపోతే మీరే వేసి చూడండి. 2కి వర్గం, దానికి మళ్ళీ వర్గం, అలా ఆరుసార్లు చేసి చివర్లో ఒకటి తీసేయండి. కాలిక్యులేటర్ వద్దు. ఆరోసారికి చెయ్యి నొప్పెడుతుంది, అప్పుడు తెలుస్తుంది ఆయన పడ్డ కష్టం. ఇంత మెషీను ముందు పెట్టుకుని ఒకటి తీసెయ్యడంలో తప్పుచేసింది నేను!