బొంత అంచు: కుట్టు దోషాలు, సవరణ
పాత నూలు చీరలు, పంచెలు పొరలుగా పరచి చేత్తో కుట్టిన పక్కబట్ట బొంత. కర్ణాటకలో కౌది, బెంగాల్లో కాంథా దీని తోబుట్టువులు. రాపిడికి ముందుగా చిరిగేది అంచే కనుక అక్కడి తప్పును ఉపేక్షించరాదు. అంచును కప్పుతూ మడిచి వేసే పట్టీని మిషను మీద లాగి కుడితే అంచు ముడుచుకుపోతుంది. అంతా విప్పనక్కర్లేదు: ముడత ఉన్నంత మేర మూడు నాలుగు కుట్లకొకటి బ్లేడుతో తెంపి, రెండోవైపు దారం లాగితే గుడ్డ చిరగకుండా పట్టీ ఊడివస్తుంది. తర్వాత బొంతను నేలమీద సాపుగా పరచి, పట్టీని లాగకుండా ఆనించి, కచ్చా కుట్టు వేసుకుని మళ్లీ కుట్టాలి. అడుగు పొర కుట్టులో పడకపోవడం మరో దోషం. పట్టీ అక్కడిదాకా అందితే చేత్తో హెమ్మింగ్ చాలు. అందకపోతే వెడల్పు పట్టీ మార్చక తప్పదు. గుండ్రటి మూలలకు ఐమూలగా కత్తిరించిన పట్టీయే నప్పుతుంది.