పంచుకోని 600 డాలర్లు

అన్నా, పంట మనది, రేటు ఇంకొకడిది అని రోజూ అనుకుంటాం కదా. పాటలోళ్లదీ అదే బాధ.

అమెరికాలో, వాషింగ్టన్‌లో, 1979లో నలుగురు కుర్రాళ్లు టీన్ ఐడిల్స్ అని రాక్ బ్యాండు పెట్టారు. వాయించగా వచ్చిన డబ్బంతా ఒక చుట్టల డబ్బాలో వేశారు. ఏడాదికే, 1980లో విడిపోయారు. డబ్బాలో 600 డాలర్ల దాకా తేలింది.

ఇక్కడ చూడండి. పంచుకుంటే తలా 150, వారంలో ఖర్చు. వీళ్లు పంచుకోలేదు. అప్పటికే రికార్డు చేసిపెట్టుకున్న 8 పాటలతో వెయ్యి రికార్డులు ఒత్తించారు. బ్యాండు పోయాక రికార్డొచ్చింది! ఏ కంపెనీ గుమ్మం తొక్కలేదు, డిస్కార్డ్ అని సొంత పేరే పెట్టుకున్నారు. కవరు ఎలా చేయాలో తెలీక ఒక ఇంగ్లండు రికార్డు కవరు ఊడదీసి, దాని కొలతకు గీసి, అచ్చేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. వెయ్యీ చేత్తోనే.

ఆ పాటలంటారా, గోల. నాకైతే ఎక్కలేదు. కానీ అమ్మిన డబ్బు కూడా వాళ్లు తినలేదన్నా, విత్తనాల గింజల్లా మళ్లీ రికార్డులకే పెట్టారు. అందులో ఇద్దరు, ఇయాన్ మెకై, జెఫ్ నెల్సన్, మైనర్ థ్రెట్ అని కొత్త బ్యాండు కట్టి, 1981లో దాని మొదటి రికార్డూ డిస్కార్డ్ పేరుమీదే తెచ్చారు.