వీధి ఎవరిది?
ఒక ముఖచిత్రంపై కొన్ని ఆలోచనలు

1965 మే 14 నాటి సంచికకు అమెరికాలోని 'లైఫ్' వారపత్రిక ఒక విచిత్రమైన ముఖచిత్రం వేసింది. పాట్ మెగీ అనే పందొమ్మిదేళ్ళ యువతి, చిన్న చక్రాలు బిగించిన చెక్కపలకమీద రెండు చేతులూ ఆనించి, తలకిందులుగా నిలబడి దొర్లిపోతున్నది. అంతకు ముందు సంవత్సరమే ఆమె ఆ దేశపు మహిళల స్కేట్‌బోర్డు పోటీలో విజేత. ఫొటో తీసినవాడు బిల్ ఎప్రిడ్జ్. దానికి పత్రికవారు తగిలించిన శీర్షికలో రెండు మాటలున్నాయి. ఒకటి మోజు, రెండోది బెడద.

ఒకే బొమ్మ ఏకకాలంలో మోజుగానూ బెడదగానూ ఎట్లా కనిపిస్తుంది? ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం ఇదే. ఇది అమెరికా పిల్లల ఆటకు సంబంధించిన ప్రశ్న, మనకెందుకు అని పాఠకులు తోసిపుచ్చవద్దని మనవి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో నడిచే మనిషికి ఆ శీర్షికతో దగ్గరి సంబంధమే ఉంది.

సాహసం వ్యక్తి గుణమని సాధారణంగా అనుకుంటాం. ఒకరికి తెగువ ఉంటుంది, మరొకరికి ఉండదు. తెగువ గలవాడి ఫొటో అందంగా వస్తుంది. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని దీనితో బెడద అన్న మాటకు అర్థం దొరకదు. మన హైదరాబాదువాడే అనూప్ కుమార్ యామా రోలర్ స్కేటింగులో 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంస్య పతకాలు గెలిచాడు. 2015లో అర్జున అవార్డు పొందాడు. చక్రాలమీద ఆయన చేసిన విన్యాసాలు తక్కువ సాహసమైనవి కావు. అయినా వాటిని ఎవరూ బెడద అనలేదు. అవి గోడ కట్టి, గీత గీసి, ఆటకోసమే కేటాయించిన నేలమీద జరిగాయి. ఇందిరా పార్కులోని స్కేటింగ్ రింకులో గుండ్రంగా తిరిగే పిల్లవాణ్ణి చూసి తల్లిదండ్రులు ముచ్చటపడతారు. వాడే గేటు దాటి రోడ్డుమీదకు వస్తే పోలీసు ఈల వేస్తాడు. శరీరం మారలేదు, నేర్పు మారలేదు. మారింది నేల.

స్కేట్‌బోర్డు చరిత్ర చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ఆ ముఖచిత్రం వచ్చిన ఏడాదే అమెరికాలో అనేక నగరాలు వీధుల్లో ఈ ఆటను నిషేధించాయి. తర్వాత 1976-77లో కాలిఫోర్నియాలో తీవ్రమైన కరువు వచ్చింది. సంపన్నుల ఇళ్ళలో ఈతకొలనులు ఎండిపోయాయి. సముద్రతీరపు పేటల పిల్లలు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల్లో ఆడారు. నునుపైన సిమెంటు గోడ వంపు వెంట పైకి పోయి, అంచుదగ్గర గాలిలో తిరిగి, మళ్ళీ కిందికి దిగడం అక్కడ అలవాటైంది. క్రెగ్ స్టెసిక్, గ్లెన్ ఫ్రీడ్మన్ వంటివారు తీసిన ఫొటోలు పత్రికల్లో పడ్డాయి. మరికొంత కాలానికి పలక వెనుక కొసను కాలితో నేలకు కొట్టి, ముందు కాలితో సరిచేసి, చెయ్యి తగలకుండానే పలకతో సహా గాలిలోకి లేచే ఉపాయం బయటపడింది. దీనిని 'ఆలీ' అంటారు. ఆనాటినుంచి మెట్లు, కమ్మీలు, బల్లలు, ఆఫీసు భవనాల అరుగులు, అన్నీ ఆటస్థలాలే అయిపోయాయి.

ఫ్రెంచి మార్క్సిస్టు తత్వవేత్త ఆఁరీ లెఫెవ్ర్ 1968లో నగరంపై హక్కును గురించి ఒక పుస్తకం రాశాడు. 1974లో స్థలం అనేది ప్రకృతి ఇచ్చినట్టుగా పడి ఉండేది కాదనీ, సమాజం దానిని ఉత్పత్తి చేస్తుందనీ మరొక గ్రంథంలో వాదించాడు. ఆ వాదాన్ని ఆధారం చేసుకుని ఇంగ్లీషు వాస్తుచరిత్రకారుడు ఇయన్ బోర్డెన్ 2001లో స్కేట్‌బోర్డుపై ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. ఆయన వాదాన్ని నా మాటల్లో చెప్పాలంటే ఇది: బ్యాంకు ముందున్న మెట్లకు యజమాని దృష్టిలో ఒకే ప్రయోజనం ఉంది. స్కేట్‌బోర్డు కుర్రవాడు అక్కడ కొనడు, అమ్మడు, మదుపు చెయ్యడు. మారకపు విలువకోసం కట్టినదాన్ని ఉపయోగపు విలువకు తిప్పుకుంటాడు. యజమానికి కోపం వచ్చేది అందుకే.

ఈ వాదం చాలామటుకు సరైనదని నా అభిప్రాయం. కాని దీన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి నాకు రెండు అభ్యంతరాలున్నాయి.

మొదటిది: పెట్టుబడికి ఇటువంటి తిరుగుబాటును మింగి హరాయించుకునే శక్తి ఉంది. ఫిలడెల్ఫియా నగరపు లవ్ పార్కు ఇందుకు నిదర్శనం. అక్కడి గట్లు, మెట్లు స్కేట్‌బోర్డు లోకంలో పేరు మోశాయి. ఆ పేరుతోపాటు 2001, 2002లలో ఎక్స్ గేమ్స్ అనే భారీ పోటీలు ఆ నగరానికి వచ్చాయి; టెలివిజనులో ప్రసారమయ్యాయి. అదే 2002లో నగరపాలకులు ఆ పార్కులో ఆటను అణచివేసి, స్థలాన్ని మార్చివేశారు. పార్కుకు మూల రూపకల్పన చేసిన ఎడ్మండ్ బేకన్ తొంభై రెండేళ్ళ వయస్సులో, ఇద్దరి ఆసరాతో తానే స్కేట్‌బోర్డెక్కి నిరసన తెలిపాడు. అయినా ఫలితం లేకపోయింది. బొమ్మ అమ్ముడు పోవాలి, మనిషి మాత్రం అక్కడ ఉండకూడదు! 'లైఫ్' పత్రిక శీర్షికలోని రెండు మాటలూ ఇక్కడ నగరపాలనా విధానంగా మారాయి. ఇప్పుడు ఆ ఆట ఒలింపిక్సులో కూడా ఉంది. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో దానికి మొదటిసారి పతకాలిచ్చారు.

రెండో అభ్యంతరం ఫొటోకు సంబంధించింది. 1838లో పారిస్‌లో డాగెర్ తన మేడ కిటికీనుంచి ఒక వీధి బొమ్మ తీశాడు. పలకమీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ సమయంలో వీధిలో నడిచిన జనం, కదిలిన బళ్ళు ఏవీ అందులో మిగలలేదు. బూట్లు తుడిపించుకుంటూ ఒకే చోట నిలబడ్డ ఒక పెద్దమనిషి మాత్రం మిగిలాడు. వంగి తుడుస్తున్నవాడు ఒక మసక. నగరపు ఫొటోలో మనిషి మొదటిసారి కనిపించిన సందర్భాల్లో ఇది ప్రసిద్ధమైనది. ఇవాళ కెమేరా క్షణంలో వెయ్యో వంతును పట్టుకుంటుంది. గాలిలో ఎగిరినవాడి వేళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. కాని ఆ నేలను చదును చేసినవాడు ఇప్పటికీ మసకగా కూడా కనిపించడు. ఒక కార్ఖానా ఫొటో చూస్తే అందులోని మనుషుల మధ్య సంబంధాలు తెలియవని బ్రెహ్ట్ అన్నదాన్ని వాల్టర్ బెంజమిన్ 1931లోనే గుర్తు చేశాడు. స్కేట్‌బోర్డు ఫొటోకు కూడా అది వర్తిస్తుంది.

మన అభ్యుదయోద్యమానికి ఈ విషయంలో ఒక మంచి సంప్రదాయం ఉంది. 1943 బెంగాలు కరువులో సునీల్ జానా తీసిన ఫొటోలు 'పీపుల్స్ వార్' పత్రికలో వచ్చినప్పుడు వాటి పక్కన పి.సి. జోషీ నివేదికలున్నాయి. ఎముకలగూడైన మనిషి బొమ్మ పక్కనే బియ్యం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న ఉంది. బొమ్మ చెప్పలేనిదాన్ని అక్షరం చెప్పింది.

ఆ పద్ధతిలో ఇప్పుడు మన వీధిని చూద్దాం. స్కేట్‌బోర్డు చక్రం వ్యాసం సుమారు అయిదు సెంటీమీటర్లు. చిన్న గులకరాయి అడ్డం వచ్చినా అది ఆగి, మనిషి ముందుకు పడతాడు. కనుక ఆ ఫొటోల్లోని స్వేచ్ఛకు నునుపైన కాలిబాట ముందే ఉండి తీరాలి. నారాయణగూడ చౌరస్తానుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ చౌరస్తాకు నడిచి చూడండి. లేచిన రాళ్ళు, దుకాణాల సామాను, నిలిపిన మోటారు సైకిళ్ళు, కరెంటు పెట్టెలు దాటుకుంటూ పోవాలి. ఇక్కడ పలక ఎక్కనక్కరలేదు. చంకలో పిల్లతో, చేతిలో సంచితో రోడ్డు దాటే ఇల్లాలి సాహసం ఏ విన్యాసానికి తీసిపోతుంది?

తల ఎత్తి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. 2020 ఫిబ్రవరి 7న ఈ దారిమీద మెట్రో రైలు మొదలైంది. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కునుంచి అశోక్‌నగర్, ఆర్టీసీ చౌరస్తాల మీదుగా వీఎస్టీ దాకా ఉక్కు వంతెన తెరిచారు. పొడవు 2.25 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 450 కోట్ల రూపాయలు. ఆర్టీసీ చౌరస్తాలో అది మెట్రో పట్టాలకన్నా పైనుంచి పోతుంది. అంటే అన్నిటికన్నా పైన సొంత కారువాడు, మధ్యలో టిక్కెట్టు కొనగలవాడు, అట్టడుగున నడిచేవాడు. సమాజశాస్త్ర గ్రంథంలో గీసిన పటంకన్నా ఇది స్పష్టంగా ఉంది. ఆ వంతెనకు నాయిని నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన వీఎస్టీ సిగరెట్టు కార్ఖానాలో కార్మిక సంఘ నాయకుడిగా ఎదిగినవాడు. ఆయన పేరున్న వంతెన కార్ఖానాకు నడిచి పోయే కార్మికుడికోసం కట్టింది కాదు.

మన వీధికి కూడా ఒక చక్రాల పలక ఉంది. అదే తోపుడు బండి. అరటిపళ్ళ బండి, ఇడ్లీ బండి, పాత పుస్తకాల బండి. అది కూడా వాహనాలకోసం వేసిన రోడ్డును వేరొక ఉపయోగానికి తిప్పుకుంటుంది. అదీ బెడదే. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడటానికి 2014లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా రోడ్డు ఖాళీ చెయ్యాలన్నప్పుడు మొదట కదిలేది ఆ బండే. లెఫెవ్ర్ చెప్పిన హక్కుకు మన దేశంలో ప్రతినిధిని వెతకాలంటే నేను స్కేట్‌బోర్డు కుర్రవాణ్ణి కాదు, బండి తోసేవాణ్ణి చూపిస్తాను. మొదటివాడికి వీధి ఆట, రెండోవాడికి అన్నం. అయితే ఇద్దరినీ తరిమే ఈల ఒకటే.

అశోక్‌నగర్ యువకులకు కూడా ఈ ఈల పరిచితమే. జిల్లాలనుంచి వచ్చి, ఇరుకు గదుల్లో అద్దెకుండి, సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో పగలంతా చదివే అభ్యర్థులు వీళ్ళు. పుస్తకంమీద వంగి ఉన్నంతకాలం వీళ్ళు నగరానికి ముద్దు. వీళ్ళ గదుల అద్దెమీద, కోచింగు ఫీజుమీద, టీ కప్పుమీద ఈ పేట బతుకుతుంది. 2023 అక్టోబరులో ఒక అభ్యర్థిని మరణం తర్వాతా, 2024 అక్టోబరులో గ్రూప్-1 పరీక్షల వివాదంలోనూ వీళ్ళే చౌరస్తాలో కూర్చున్నప్పుడు బెడద అయ్యారు. దగ్గరలోని ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను 2017లో ప్రభుత్వం మూసివేసింది. ట్రాఫిక్కు, కాలనీవాసుల ఇబ్బంది కారణమన్నారు. 2018 నవంబరులో హైకోర్టు జోక్యంతో అక్కడ మళ్ళీ గొంతు వినిపించింది. కూర్చోవడానికి కాస్త నేలకోసం న్యాయస్థానందాకా పోవలసి వచ్చిందన్నమాట.

ఇటువంటి నిరసనల వార్తల్లో తరచు ఒక రకం ఫొటో పడుతుంది. నలుగురు పోలీసులు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఒక యువకుణ్ణి మోసుకుపోతుంటారు. అతని శరీరం కూడా నేలనుంచి లేచి ఉంటుంది. పాట్ మెగీ తన నేర్పుతో నేలను వదిలింది. ఇతణ్ణి రాజ్యం నేలనుంచి ఎత్తివేసింది. మొదటి ఫొటోలో సాహసాన్నీ, రెండోదానిలో శాంతిభద్రతల సమస్యనూ చూడటం మనకు నేర్పారు. కంటికి ఈ శిక్షణ ఎవరిచ్చారో అడగడం విమర్శకుడి పని.

అందువల్ల నగరంలో తీసిన ఏ ఫొటోను చూసినా, ఎగిరిన మనిషితోపాటు అతని కింద ఉన్న నేలను కూడా చూడమంటాను. దాన్ని ఎవరు చదును చేశారు? ఎవరి డబ్బుతో? అక్కడ నిలబడే హక్కు ఎవరికి లేదు? ఈ ప్రశ్నలకు జవాబులు ఫొటోలో ఉండవు. అవి మునిసిపల్ బడ్జెట్టులో ఉంటాయి, పోలీసు ఉత్తర్వులో ఉంటాయి, చిక్కడపల్లి కాలిబాటమీద లేచిన రాయిలో ఉంటాయి. ఆ రాయిని సరిచెయ్యమని అడగడం చిన్న కోరికలాగే కనిపిస్తుంది. కాని అడిగి చూడండి, వీధి ఎవరిదో వెంటనే తెలిసిపోతుంది.