ఏసీ డ్రెయిన్ పైపు

ఏసీ డ్రెయిన్ పైపు అనగా గదిలోని గాలిని చల్లబరచునపుడు ఏసీలో ఏర్పడే నీటిని బయటకు పంపే గొట్టము. స్ప్లిట్ ఏసీలలో ఈ నీరు లోపలి యూనిట్ అడుగున గల పళ్ళెములో చేరి, అక్కడినుండి గొట్టము ద్వారా బయటకు పోతుంది. ఇళ్ళలో గోడకు అమర్చే ఏసీలలో సాధారణంగా ఇందుకు పంపు ఉండదు. నీరు వాలును బట్టి ప్రవహిస్తుంది. అందువలన గొట్టము పూడినచో నీరు వెనుకకు మళ్ళి గదిలో కారుతుంది.

నీరు ఏర్పడే విధానం

గాలిని చల్లబరచినపుడు, ఒకానొక ఉష్ణోగ్రత వద్ద అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారనారంభిస్తుంది. దీనిని తుషార స్థానం అంటారు. చల్లని నీటి చెంబు వెలుపల చెమ్మ పట్టడానికి కారణం ఇదే. 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 60 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలికి తుషార స్థానం సుమారు 21 డిగ్రీలు. అటువంటి గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 18 గ్రాముల ఆవిరి ఉంటుంది. దానిని 10 డిగ్రీలకు చల్లబరచినచో దాదాపు సగం ఆవిరి నీరుగా మారి, కూలింగ్ కాయిల్ మీదుగా పళ్ళెములోనికి జారుతుంది.

విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో తేమ అధికము గనుక ఈ నీరు ఎక్కువ. తెలంగాణ, రాయలసీమల పొడి వేసవిలో తక్కువ. అందుచేత ఎండాకాలంలో గొట్టము సగం పూడినను తెలియక, వర్షాలు మొదలైన తరువాత గోడ తడిసినపుడు మాత్రమే బయటపడవచ్చును.

పూడికకు కారణాలు

ఫిల్టరును దాటివచ్చిన ధూళి తడి పళ్ళెములో చేరుతుంది. దానిపై బాక్టీరియా, శిలీంధ్రాలు పెరిగి జిగురువంటి పొర ఏర్పడుతుంది. గొట్టము మధ్యలో వంగి నీరు నిలిచినను, బయటి కొన నీళ్ళ బకెట్టులో మునిగియున్నను ప్రవాహం ఆగవచ్చు. గొట్టములో పురుగులు చేరుట మరొక కారణం.

లక్షణాలు

* లోపలి యూనిట్ నుండి నీరు కారుట, గోడపై చెమ్మ మరకలు
* ముక్క వాసన
* తేమగల వాతావరణంలో కూడా బయటి కొన నుండి నీరు రాకపోవుట

కాయిల్‌పై మంచు పేరుకొని కరిగినపుడు కూడా నీరు కారవచ్చును. కావున ప్రతి కారుటకు గొట్టమే కారణం కాదు.

శుభ్రపరచు పద్ధతి

# ముందుగా ఏసీ స్విచ్చును, దానికి గల ఎం.సి.బి.ని ఆపివేయాలి.
# బయటి కొనవద్ద తడిని కూడా పీల్చగల వాక్యూమ్ క్లీనరును అమర్చి, సందు లేకుండా గుడ్డ చుట్టి, పూడికను బయటకు లాగాలి. లోనికి గట్టిగా గాలి ఊదినచో మురికి పళ్ళెములోనికి వెళ్ళవచ్చు, గోడలోపలి అతుకులు ఊడవచ్చు.
# పళ్ళెములో నీరు పోసి కడగవలసి వచ్చినపుడు విద్యుత్ భాగాలు తడిసే ప్రమాదం ఉన్నందున ఆ పనిని మెకానిక్ చేత చేయించడం మంచిది.
# చివరగా నీరు ధారగా బయటకు వచ్చుచున్నదో లేదో చూడాలి.

ఏసీ వాడే రోజులలో రెండు వారాలకొకసారి ఫిల్టరును కడిగి ఆరబెట్టినచో పూడిక తగ్గుతుంది. గొట్టమునకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి.

జాగ్రత్తలు

మరుగుతున్న నీరు ప్లాస్టిక్ గొట్టమును మెత్తబరుస్తుంది. యాసిడ్ పోసినచో కాయిల్ లోని అల్యూమినియం, రాగి తినివేయబడతాయి. బ్లీచింగ్ ద్రావణాన్ని వెనిగర్‌తో గాని, యాసిడ్‌తో గాని ఎన్నడూ కలపరాదు. వాటి కలయిక వలన విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన గదిలో ఇది ప్రాణాపాయము.

నీటి ఉపయోగం

ఈ నీటిలో లవణాలు చాలా తక్కువ. నేల తుడుచుటకు, పూలమొక్కలకు వాడవచ్చును. అయితే కాయిల్ మీది ధూళి, సూక్ష్మజీవులు, లోహాల అంశలు కలిసియుండుట వలన ఇది త్రాగుటకు, వంటకు పనికిరాదు.